వలలో పడే సొర, టేకు: తెచ్చింది, వదిలింది, పారేసింది... లెక్క ఎలా?

#1 రేవు_లెక్క
భీమిలి నుంచి పూడిమడక దాకా ఉన్న రేవుల్లో ఫైబర్ తెప్పల మీద పడే సొర (షార్క్), టేకు (చదునుగా ఉండే రే చేప) లెక్కకి ఒక ఫారం తయారవుతోంది. 9.9 హార్స్‌పవర్ ఇంజన్ పెట్టుకుని తెల్లారకముందే వెళ్లి మధ్యాహ్నానికి తిరిగొచ్చే తెప్పలే ఇందులో ఉంటాయి. మర బోట్లు లేవు. ప్రస్తుతానికి ఫారంలో రెండే గడులు: "రేవుకు తెచ్చింది, కిలోలు", "పారేసింది, కిలోలు". నింపి చూస్తే రెండో గడిలో అన్నీ సున్నాలే.

తెలిసినవాళ్లు మూడు విషయాలు చెప్పాలి. సున్నా నిజమేనా, లేక అడిగే పద్ధతిలో లోపమా? రేవులో అన్నీ "సొర", "టేకు", "పాల సొర" అనే మూడు పేర్ల కిందకే పోతున్నాయి, వాటిని విడదీయడం ఎలా? బరువొక్కటే రాసుకుంటే సరిపోతుందా?

#2 అడుగుతాడు
సున్నా రావడంలో వింతేం లేదండీ. ప్రపంచం మొత్తమ్మీద ఏటా సుమారు 91 లక్షల టన్నుల చేప తిరిగి సముద్రంలోకే పోతోందని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) 2019లో లెక్కగట్టింది. అంటే పట్టినదాంట్లో 10.8 శాతం. అందులో దాదాపు సగం అడుగున ఈడ్చే ట్రాల్ వలల వాటా. "పారేసింది" అనే గడి ఆ బోట్లకి పనికొస్తుంది. దాన్నే తెచ్చి ఫైబర్ తెప్పకి తగిలిస్తే సున్నా కాక ఇంకేం వస్తుంది?

తెప్ప మీద సొరగానీ టేకుగానీ అక్కరకు రాకుండా పోయేది మూడు సందర్భాల్లోనే. ఒకటి, వల రాత్రంతా నీళ్లలో ఉండి పీతలు, నత్తలు తినేసినప్పుడు. రెండు, కొనేవాడు లేనప్పుడు. మూడు, ముట్టుకుంటే ప్రమాదమైనప్పుడు. మిగతాదంతా ఎవరో ఒకరి గంపలోకి చేరుతుంది. కాబట్టి రెండు గడులు తీసేసి ఐదు పెట్టండి: అమ్మింది, ఇంటికి తీసుకెళ్లింది, ఎరగా కోసింది, బతికుండగా వదిలింది, చచ్చాక పారేసింది. చివరి రెండింటినీ ఒకే గడిలో కలిపితే మాత్రం పనంతా దండగ. మొదటిది చేపకి మేలు, రెండోది ఎవరికీ కాదు.

"ఏమైనా పారేశారా?" అని అడిగితే "లేదు బాబూ" అనే అంటారు, ఎవరైనా అదే అంటారు. "వలలోంచి తీసినవాటిలో గంపలోకి ఎక్కనివి ఏవి?" అని అడగండి. ఇంకో సంగతి, చాలా రేవుల్లో చేప ఉన్న వలని ఉన్నట్టే తెప్పలో వేసుకొచ్చి ఇసుక మీద విడదీస్తారు. అక్కడ అడగాల్సిన పనే లేదు, వల చుట్టూ నడిస్తే చాలు. చెయ్యి తిమ్మిరెక్కించే కరెంటు టేకులు, అరచేతిలో పట్టే టేకు పిల్లలు, మచ్చల బొంత సొర పెట్టిన గుడ్ల సంచులు అన్నీ ఇసుకలోనే పడుంటాయి. అలివి వల (ఒడ్డు నుంచే లాగే పెద్ద వల) లాగే చోట మరీ ఎక్కువ.

#3 కొలబద్ద
రెండో, మూడో ప్రశ్నలకి.

బరువు ఒక్కటే చాలదు. 20 కిలోల "సొర" అంటే ఒక్క పెద్ద చేపా, 40 పిల్లలా అన్నది తెలియకపోతే ఆ 20 వల్ల ఉపయోగం లేదు. సంఖ్య, పొడవు, మగా ఆడా, ఈ మూడూ తప్పనిసరి.

సొరకి మూతి కొస నుంచి తోక పైరెక్క కొస దాకా పొడవు తీయాలి. తోకని ఒంటికి సమంగా చాపి, టేపుని చేప పక్కన నేలమీద పరిచి కొలవండి. ఒంటి మీదుగా వేస్తే పొట్ట ఒంపుకి నాలుగైదు సెంటీమీటర్లు ఎక్కువ వస్తుంది. టేకుకి పొడవు అక్కర్లేదు, ముల్లు భయానికి తోక సముద్రంలోనే కోసేస్తారు కదా. ఈ రెక్క అంచు నుంచి ఆ రెక్క అంచు దాకా వెడల్పు తీస్తే చాలు. గిటార్ చేపలకి (ముందు టేకులా, వెనక సొరలా ఉండేవి) మళ్లీ పొడవే.

మగ చేపకి పొట్ట కింద రెక్కల పక్కన రెండు కాడలుంటాయి. అవి మెత్తగా, పొట్టిగా ఉంటే ఈడు రానిది. గట్టిపడి, మొదట్లో తిప్పితే తిరుగుతుంటే ఈడొచ్చింది. ఆడచేపని పొట్ట కోయకుండా తేల్చలేం, ఆ గడి ఖాళీగా వదిలేయండి. పిల్ల సొరకి ముందు రెక్కల మధ్య, గొంతు కింద బొడ్డు గాటు చూడండి. తెరిచి ఉంటే పుట్టి ఎంతో కాలం కాలేదన్నమాట. అలాంటివి ఏ నెలలో, ఏ లోతులో పడుతున్నాయో రాస్తే సొరలు పిల్లలు పెట్టే చోటు తెలుస్తుంది. ఫారం మొత్తంలో నాకు అన్నిటికన్నా విలువైన గడి అదే.

ఇక పాల సొర. ఆ పేరు మీద కనీసం మూడు రకాలు అమ్ముడవుతాయి:

స్కోలియోడాన్: మూతి పారలా చదును, ముందు రెక్కలు పొట్టి. 33–35 సెంటీమీటర్లకే ఈడుకొస్తుంది. 30 దాటినది చూసి పిల్ల అనుకోవద్దు.

రైజోప్రియోనోడాన్ అక్యూటస్: నోటి మూలల నుంచి పొడుగాటి గీతలు కనిపిస్తాయి. రెండో వీపు రెక్క, కింది రెక్క (తోకకి ముందు అడుగువైపు ఉండేది) కన్నా బాగా వెనక మొదలవుతుంది. ఒక్కో కాన్పుకి సాధారణంగా ఎనిమిది పిల్లలకి మించి పెట్టదు.

మూడోది పాల సొరే కాదు, కార్కరైనస్ జాతి పెద్ద సొరల పిల్ల. రెండో వీపు రెక్క, కింది రెక్క ఇంచుమించు ఎదురెదురుగా ఉంటాయి. అలా కనిపిస్తే అది ఎదిగితే మనిషంత అయ్యే చేప, పాల సొర కుప్పలో కిలోల చొప్పున పోతోంది.

తల తీసేసిన సొరకి "గుర్తు తెలియదు" అని రాయండి. ఊహించి పేరు రాస్తే తర్వాత దిద్దడానికి తల ప్రాణం తోకకొస్తుంది.

#4 గట్టుమీద
చదువుతుంటే ఒక అనుమానం. ఇంత కొలతల గోల ఎందుకు, బతికున్నవన్నీ వదిలేయమంటే పోలా?

#5 అడుగుతాడు
తమ్ముడూ, అన్నీ ఒకేలా బతకవు. కొన్ని జాతులు నీళ్లు చెవుల (మొప్పల) గుండా ఆడాలంటే ఈదుతూనే ఉండాలి. సుత్తితల సొర అలాంటిదే, వలలో కదలిక ఆగితే ఊపిరీ ఆగినట్టే. వల ఎత్తేసరికి చాలావరకు చచ్చే ఉంటాయి. వాటికి "వదలండి" అని బోర్డు పెడితే ఏం లాభం? చచ్చినదాన్ని నీళ్లలో వేయడం అవుతుంది, అంతే. వాటికి మందు ఒక్కటే, అవి తిరిగే కాలంలో ఆ చోట వల వేయకపోవడం, లేదా వల నీళ్లలో ఉండే గంటలు తగ్గించడం.

టేకు, గిటార్ చేప, బొంత సొర వేరే తీరు. అడుగున కదలకుండా పడుకునే ఊపిరి తీస్తాయి, కంటి వెనకున్న రంధ్రంతో నీళ్లు లాక్కుంటాయి. వలలో కూడా చాలాసేపు నిలబడతాయి. వదలడం అనే మాటకి అర్థం ఉన్నది వీటి విషయంలోనే.

తీసే పద్ధతి ముఖ్యం. టేకుని తోక పట్టి ఎత్తకూడదు, కంటి వెనక రంధ్రాల్లోనో చెవి చీలికల్లోనో వేళ్లు దూర్చకూడదు, కొక్కెం అస్సలు గుచ్చకూడదు. ముందు తడి గోనెపట్టా తోక మీద కప్పి, ఒకరు దాన్ని తొక్కకుండా అదిమి పట్టుకోవాలి. ముల్లుకి రెండు వైపులా వెనక్కి తిరిగిన పళ్లుంటాయి, వల దారం వాటిలో ఇరుక్కుంటుంది. లాగితే ముల్లు ఊడొస్తుంది, ఆ ఊపులో మనిషి ముంజేతిలో దిగుతుంది. కాబట్టి ముల్లు దగ్గర రెండు మూడు వల కన్నులు (గళ్లు) కోసేయండి. తర్వాత రెండు చేతులూ రెక్కల కింద పెట్టి, పొట్ట కిందికే ఉంచి, పక్కకి జార్చండి. పైనుంచి విసరొద్దు. గిటార్ చేపకి ఒక చెయ్యి తోక మొదట్లో, ఇంకో చెయ్యి ముందు రెక్క కింద. మూతి మీది ముళ్లల్లో చిక్కు ఉంటే తల వైపు నుంచి వెనక్కి విడదీయాలి.

ముల్లు దిగితే మనిషి భరించగలిగినంత వేడి నీళ్లు, 45 డిగ్రీలు దాటకుండా, గాయాన్ని అరగంట నుంచి గంటన్నర దాకా అందులోనే ఉంచాలి. విషం వేడికి విరుగుతుంది. నీళ్లు ముందు వేరొకరు చేత్తో చూడాలి, నొప్పిలో ఉన్నవాడికి వేడి తెలియదు, చర్మం ఊడేదాకా పెట్టేస్తాడు. ముల్లు ముక్క లోపల ఉండిపోయినా, పొట్టలోనో ఛాతీలోనో గుచ్చుకున్నా వేడి నీళ్లతో కూర్చోకుండా నేరుగా ఆసుపత్రికే.

#6 కొలబద్ద
పైదానికి ఒక చేర్పు. నిండు గర్భంతో ఉన్న టేకు వలలో పడితే ఆ బెదురుకే పిల్లల్ని ఈనేస్తుంది, లేదా నెలలు నిండకుండానే వదిలేస్తుంది. తెప్ప అడుగున కనిపించే చిన్న టేకులన్నీ వలలో పడ్డవే అని రాసేయొద్దు. పొట్టకి పచ్చసొన సంచి అంటుకుని ఉంటే అది నెలలు నిండని పిల్ల. విడిగా "తల్లితో" అని గుర్తు పెట్టండి, చేపల సంఖ్యలో కలపొద్దు.

#7 వలపని
అసలు పడకుండా చేసే మాట ఎవరూ ఎత్తలేదు, నేనెత్తుతా.

టేకు చెవి పట్టుబడి వలలో ఉండిపోదు, చుట్టుకుని ఉండిపోతుంది. ఎంత చుట్టుకుంటుందన్నది వల ఎంత వదులుగా కట్టారన్నదాన్ని బట్టి ఉంటుంది. 100 బారలు సాగే వలని 50 బారల తాడుకి కడితే నిష్పత్తి 0.5. అదే వలని 35 బారల తాడుకి కుదిస్తే 0.35, సంచిలా వేలాడుతుంది, తగిలినదల్లా చుట్టుకుపోతుంది. మూడు పొరల డిస్కో వల ఇంకా ఘోరం, అది పనిచేసేదే చుట్టడం మీద. రొయ్య కోసం వేసినా చదునుగా ఉండే ప్రతీదీ పడుతుంది. కాబట్టి ఫారంలో "వల రకం" అని ఒక్క మాట చాలదు. కన్ను సైజు, పొరలు, కట్టిన నిష్పత్తి, ఎత్తు ఎన్ని కన్నులు, అడుగు తాడు నేలకి తగులుతుందా లేదా, ఇవి రాయాలి.

అడుగు తాడుని నేల నుంచి అర మీటరు లేపితే టేకు కింద నుంచి పోతుంది. లేపడం కష్టమేం కాదు, సీసం గుళ్లు అడుగు తాడుకే కట్టకుండా అర మీటరు పిల్లతాళ్లతో కిందకి వేలాడదీయాలి. వలని తేల్చే బెండ్లు కూడా సరిచూసుకోవాలి, చాలకపోతే వల కూలబడి మళ్లీ నేలకే ఆనుతుంది. నష్టం ఎక్కడంటే, పీత, నాలుక చేప కూడా కిందనుంచే పోతాయి. పీత మీద బతికే వలకి ఈ సలహా ఇస్తే మొహం మీదే నవ్వుతారు. వంజరం, చందువ కోసం వేసే వలకైతే ఇబ్బంది లేదు.

వల నీళ్లలో ఉంచే సమయం గురించి అడుగుతాడు గారు చెప్పింది నూటికి నూరుపాళ్లూ నిజం. సాయంత్రం వేసి తెల్లారి ఎత్తే వలలోనే పీత తిన్న చేప, చచ్చిన సొర. నాలుగైదు గంటల్లో ఎత్తేస్తే రెండూ తగ్గుతాయి. కానీ రెండుసార్లు వెళ్లాలంటే డీజిలో కిరోసినో ఎవడిస్తాడు? చెప్పేవాళ్లు ఆ ఖర్చు కూడా చెప్పాలి.

#8 రేవు_లెక్క
మెక్సికోలో బాహా కాలిఫోర్నియా దగ్గర వలలకి ఆకుపచ్చ ఎల్‌ఈడీ దీపాలు కట్టారు కదా. 2022లో వచ్చిన ఫలితాల్లో సొర, టేకు జాతులు 95 శాతం తగ్గాయి, కావలసిన చేప తగ్గలేదు, వల ఎత్తి విడదీసే సమయం సగానికి పైగా తగ్గింది. అదీ మనలాంటి చిన్న పడవల మీదే. ఇక్కడ ప్రయత్నించొచ్చా?

#9 వలపని
ప్రయత్నించొద్దని అనను గానీ లెక్కేసుకోండి. వాళ్లు 10 మీటర్లకొక దీపం కట్టారు. 600 బారల వల అంటే సుమారు 1,100 మీటర్లు, 110 దీపాలు. ఒక్కో దానికి బ్యాటరీలు, ఉప్పునీళ్లు దిగకుండా రబ్బరు వాచరు. వల గుట్టగా పోసి లాగేటప్పుడు దీపాలు కన్నుల్లో చిక్కుకుంటాయి, అదొక పని. అన్నిటికన్నా ముఖ్యం, దీపం కనిపించాలంటే నీళ్లు తేరుకుని ఉండాలి. గోదావరికి వరదొచ్చిన కాలంలో కాకినాడ, అంతర్వేది దగ్గర సముద్రం బురదే, ఎంత దీపమైనా నాలుగడుగుల్లో ఆరిపోయినట్టుంటుంది. విశాఖ రాతి తీరంలో చలికాలం నీళ్లలో పెట్టి చూడండి, అదీ ఒకే తెప్ప మీద సగం వల దీపాలతో, సగం లేకుండా. రెండు వేర్వేరు తెప్పలు పోల్చితే సరంగు (తెప్ప నడిపేవాడు) తేడానే లెక్కలోకి వస్తుంది.

#10 సెక్షన్_చూడండి
లెక్కలు రాసేవాళ్లు చట్టం వైపు కూడా చూడాలి. 1972 వన్యప్రాణి చట్టం ఒకటో షెడ్యూల్లోకి (అన్నిటికన్నా గట్టి రక్షణ ఉన్న జీవుల జాబితా) వేల్ షార్క్ 2001లో వచ్చింది. అదే ఏడాది ముందు సొర, టేకు జాతులన్నిటినీ నిషేధించి, మత్స్యకారుల నుంచి వ్యతిరేకత వచ్చాక డిసెంబరులో పదింటికి కుదించారు. వేల్ షార్క్, రంపం మూతి చేపలు, గంగా సొర, పాండిచ్చేరి సొర, ముళ్ల టేకు వగైరా. 2022 సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకొచ్చాక జాబితా పెరిగింది. పాత పోస్టర్ చూసి ఫారం చేయొద్దు, కొత్త షెడ్యూళ్లు దగ్గర పెట్టుకోండి. ఒకటో షెడ్యూలు జీవి విషయంలో నేరం రుజువైతే కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఏడేళ్ల జైలు.

పాత జాబితాలో తమాషా ఒకటుంది. పెద్ద గిటార్ చేప కింద రింకోబాటస్ జిడెన్సిస్ పేరు రాశారు. అది హిందూ మహాసముద్రం పడమటి కొసలో తిరిగేది. మన రేవుల్లో పడేవి ఆస్ట్రేలియే, లేవిస్. మూడూ చూడ్డానికి దాదాపు ఒకటే, అందుకే అధికారి ఒకటంటాడు, పాటదారు ఇంకొకటంటాడు.

రెక్కల మీద రెండు నిబంధనలు. 2013 ఆగస్టు నుంచి సొరని రెక్కలు ఒంటికి ఉన్నట్టే ఒడ్డుకు తేవాలి. 2015 ఫిబ్రవరి నుంచి ఏ జాతి సొర రెక్కలైనా ఎగుమతి నిషిద్ధం. మాంసం మీద నిషేధం లేదు. షెడ్యూల్లో లేని సొరని పట్టడం, అమ్మడం, వండుకోవడం నేరం కాదు. ఈ మాట ఫారం మొదట్లోనే పెద్దక్షరాల్లో రాయండి, లేదంటే కాగితం చూడగానే జనం లేచిపోతారు.

#11 గట్టుమీద
గిటార్ చేపల్లో తేడా తేలిగ్గా ఎలా చూడాలి?

#12 కొలబద్ద
మొదటి వీపు రెక్క ఎక్కడుందో చూడు. పొట్ట కింది రెక్కలకి సరిగ్గా పైన ఉండి, తోకకి కింది తమ్మె కూడా స్పష్టంగా ఉంటే రింకోబాటస్. వీపు రెక్కలు రెండూ బాగా వెనక్కి, తోక వైపు ఉండి, తల నుంచి రెక్కల దాకా ఒకటే పలకలా ఉంటే గ్లాకోస్టెగస్ లేదా దాని చుట్టాలు. ఫోటో తీసేటప్పుడు పైనుంచి ఒకటి, పొట్ట వైపు నుంచి ఒకటి, పక్కన స్కేలు. సుత్తితలకైతే తల ముందంచు కనపడాలి: మధ్యలో నొక్కు ఉంటే లెవినీ, లేకపోతే జైగీనా. అంచు దాదాపు తిన్నగా ఉండి వీపు రెక్క కొడవలిలా నిలువెత్తు ఉంటే మొకారాన్. లెవినీ పుట్టేటప్పుడే 40–55 సెంటీమీటర్లుంటుంది, ఆడది ఈడుకొచ్చేది రెండు మీటర్ల దగ్గర. అరమీటరు సుత్తితల కుప్పలుగా పడిందంటే అవన్నీ ఈ ఏడు పుట్టినవే.

#13 వెరావల్_రేవు
శ్రీకాకుళం, విజయనగరం నుంచి వచ్చి ఇక్కడ గుజరాత్ వెరావల్ బోట్ల మీద పనిచేసేవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లకి వల కోసి చేపని వదిలే పద్ధతి తెలుసు. గుజరాత్‌లో వేల్ షార్క్ కోసం 2004లో అటవీశాఖ, వైల్డ్‌లైఫ్ ట్రస్ట్ ఆఫ్ ఇండియా, టాటా కెమికల్స్ కలిసి ప్రచారం మొదలుపెట్టాయి. వల కోసి వదిలితే 25 వేల దాకా పరిహారం. మొదట్లో అధికారి వచ్చి చూడాలి, ఆయన వచ్చేదాకా చేప వలలోనే. తర్వాత మత్స్యకారుల చేతికే కెమెరా ఇచ్చి, వాళ్లు తీసిన ఫోటోనే రుజువుగా తీసుకున్నారు. వదలడం వేగమైంది అక్కడే. మీ దగ్గర 2021 డిసెంబరులో తంతడి ఒడ్డున చిక్కిన వేల్ షార్క్‌ని కూడా అటవీశాఖ, మత్స్యకారులు కలిసి లోపలికి పంపారు కదా.

#14 అడుగుతాడు
వేల్ షార్క్‌కి డబ్బూ ఉంది, పేపర్లో ఫోటో కూడా ఉంది. నాలుగు కిలోల గిటార్ చేప కోసం కోసిన మూడు కన్నులకి ఎవరిస్తారు? పరిహారం లెక్క వల మొత్తానికి కాకుండా కోసిన మేరకి, రేవులోనే వల అల్లేవాడి కూలి ధరకి ఇస్తే తప్ప ఇది నడవదు. నా మాట ఇది, కాదనేవాళ్లు కాదనొచ్చు.

#15 ఉప్పుచేప
పారేయడానికి అసలు కారణం ఐసు అని ఎవరూ అనలేదేం? సొర, టేకు ఒంట్లో యూరియా ఉంటుంది. చచ్చాక అది అమ్మోనియాగా మారి ఘాటెక్కుతుంది. అదే పెట్టెలో వంజరం ఉంటే దానికీ ఆ వాసన అంటి ధర పడిపోతుంది. అందుకే ఐసు తక్కువున్న తెప్పలో చిన్న టేకు మొదట నీళ్లపాలవుతుంది. పట్టగానే తోక మొదట్లో కోసి రక్తం పోనిచ్చి, పేగులు తీసి, చేపకి సమానం ఐసు వేస్తే ఈ గొడవుండదు. ఎండబెట్టేవాళ్లు కూడా రక్తం తీయనిది కొనరు, ఎండినా వాసన పోదు.

ఇంకో మాట, బాలింతలకి పాల సొర పుట్టు పెట్టే ఇళ్లలో "సొర ఏదైతేనేం" అని పెద్ద సొర ముక్క తెస్తుంటారు. పెద్ద సొరలో పాదరసం పేరుకుంటుంది. అంతర్జాతీయ ఆహార ప్రమాణాలు పెట్టే కోడెక్స్ సంస్థ సొర మాంసంలో మిథైల్ మెర్క్యురీకి పెట్టిన హద్దు కిలోకి 1.6 మిల్లీగ్రాములు, మామూలు చేపకి ఉండే హద్దు కన్నా చాలా ఎక్కువ. బాలింతకి చిన్న పాల సొరే తెండి, పెద్దది వద్దు.

#16 రేవు_లెక్క
అందరికీ ధన్యవాదాలు. మార్చిన ఫారం ఇది: రేవు, తేదీ, వల వేసిన గంట, ఎత్తిన గంట, లోతు బారల్లో, కన్ను, పొరలు, నిష్పత్తి, వల పొడవు. తర్వాత ఒక్కో చేపకి ఒక్కో వరుస: జాతి లేదా "గుర్తు తెలియదు", ఫోటో నంబరు, పొడవు లేదా వెడల్పు, మగ/ఆడ, బొడ్డు గాటు, వల ఎత్తేటప్పుడు బతికుందా, చివరికి ఐదింట్లో ఎక్కడికి పోయింది. తెప్పకి 30 చేపలు మించితే మొదటి 30 కొలిచి మిగతావి లెక్కపెట్టడమే. రేవులో 40 తెప్పలు దిగి 8 చూస్తే ఐదుతో హెచ్చవేస్తాం. సరేనా?

#17 కొలబద్ద
రెండు సవరణలు. మొదటి 30 కాదు. గంపలో పైన పెద్దవి పేరుస్తారు, మొదటివి తీస్తే సగటు పొడవు పెరిగిపోతుంది. గంప కుమ్మరించి ఒక పక్క నుంచి వరుసగా తీయండి. రెండోది, ఐదుతో హెచ్చవేయడం పాల సొరకి, చిన్న టేకుకి సరిపోతుంది. గిటార్ చేప, సుత్తితల లాంటి అరుదైనవాటికి వద్దు. 8 తెప్పల్లో ఒక్కటి కనిపిస్తే 5 అని రాయడం, కనిపించకపోతే 0 అని రాయడం, రెండూ అబద్ధమే. వాటికి మాత్రం 40 తెప్పలూ తిరిగి ఉందో లేదో చూసి రాయండి, కొలతలు దొరికిన వాటికే. సున్నా చేపలు పడ్డ తెప్పకి కూడా ఒక వరుస రాయడం మరవొద్దు, అది లేకపోతే వల గంటల లెక్క తప్పుతుంది.

#18 వలపని
వల గంటలంటే వేసిన గంట నుంచి ఎత్తడం మొదలెట్టిన గంటా, పూర్తయిన గంటా? ఏదో ఒకటి ఫారం మీదే అచ్చు వేయించండి. 600 బారల వల ఎత్తడానికే గంటన్నర పడుతుంది.

#19 రేవు_లెక్క
వేయడం మొదలు నుంచి ఎత్తడం మొదలు దాకా. అచ్చులో పెట్టేశాం.